పోపు లేని చోట తీర్పు ఎవరిది?

2025 జూన్‌లో అమెరికాలోని డాలస్ నగరంలో, బాప్టిస్టు సంఘాల కూటమి అయిన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ వార్షిక సభ జరిగింది. సంఘాలు పంపిన ప్రతినిధులు వేల సంఖ్యలో వచ్చారు. ఓటుకు పెట్టిన అంశాల్లో నియమావళి సవరణ ఒకటి ఉంది. స్త్రీలు పాస్టర్లుగా ఉన్న సంఘానికి కన్వెన్షన్‌లో చోటు ఉండదని స్పష్టంగా రాసిపెట్టాలన్నది దాని సారాంశం. దాదాపు 61 శాతం మంది అవునన్నారు. మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి కాబట్టి సవరణ వీగిపోయింది. అంతకు ముందటి ఏడాది ఇండియానాపోలిస్ సభలోనూ ఇలాంటి సవరణే ఇంచుమించు ఇదే శాతం దగ్గర ఆగిపోయింది.

ఆ సభ ముందు తీరని బాకీ మరొకటి ఉంది. లైంగిక దాడులకు పాల్పడిన పాస్టర్ల పేర్లు, సంఘ సేవకుల పేర్లు అందరూ చూడగలిగేలా ఒక జాబితా పెడతామని 2022లో ఇదే కన్వెన్షన్ ఓటు వేసి మాట ఇచ్చింది. మూడేళ్లు గడిచినా అందులో ఒక్క పేరు కూడా బయటికి రాలేదు. 2025 ఆరంభంలోనే కన్వెన్షన్ నాయకత్వం ఆ పనిని పక్కన పెట్టినట్టు చెప్పేసింది.

ఈ రెండు విషయాలను ఒకదాని పక్కన ఒకటి ఉంచి చూస్తే, ఇవాంజెలికల్ క్రైస్తవ ప్రపంచంలో నేడు నడుస్తున్న వాదోపవాదాలు చాలా వరకు అర్థమవుతాయి. స్త్రీల పరిచర్య, లైంగిక దాడుల కేసులు, ఆంగ్లికన్ల చీలిక, లోజాన్ పేరుతో జరిగే ప్రపంచ ఇవాంజెలికల్ మహాసభలో రేగిన వివాదం, అమెరికా ఎన్నికలు అన్నీ పైకి వేర్వేరు గొడవలే. వాటి అడుగున ఉన్నది మాత్రం ఒకే ప్రశ్న. పోపు లేడు, అందరినీ కట్టిపడేసే న్యాయస్థానం లేదు. అలాంటి చోట తప్పొప్పులు తేల్చేది ఎవరు? తేల్చిన మాట ఎవరి మీద చెల్లుతుంది?

ముందు ఈ ప్రపంచం ఏ తీరుగా కట్టుకొని ఉందో చూడాలి. ఇవాంజెలికల్ అనే మాటకు మూలం సువార్త అనే అర్థమున్న గ్రీకు పదం. బ్రిటన్ చరిత్రకారుడు డేవిడ్ బెబింగ్టన్ 1989లో ఈ క్రైస్తవులకు నాలుగు గుర్తులు చెప్పారు. బైబిలే తుది ప్రమాణం. సిలువ మీద క్రీస్తు చేసిన బలియాగమే రక్షణకు ఆధారం. ప్రతి మనిషీ మారుమనస్సు పొంది కొత్తగా జన్మించాలి. ఆ విశ్వాసం చేతల్లో కనిపించాలి, ఇతరులకు ప్రకటించాలి. చరిత్రకారులు నేటికీ ఎక్కువగా వాడేది ఈ నిర్వచనమే. ఇందులో బిషప్ లేడు, మఠం లేదు, ప్రధాన కార్యాలయం లేదు. ఈ నాలుగూ నమ్మే బాప్టిస్టులు, పెంతెకొస్తువారు, ప్రెస్బిటేరియన్లు, ఆంగ్లికన్లలో కొందరు, ఏ శాఖకూ చెందని స్వతంత్ర సంఘాలవారు అందరూ ఈ పేరు కిందికే వస్తారు. 1846లో లండన్‌లో మొదలైన ఐక్యతా ప్రయత్నం నుంచి పుట్టిన వరల్డ్ ఎవాంజెలికల్ అలయన్స్ ఇప్పుడు 60 కోట్ల మందికి ప్రాతినిధ్యం వహిస్తున్నట్టు చెబుతుంది. ఆ 60 కోట్ల మందిలో ఒక్కరినైనా పదవి నుంచి దించే అధికారం దానికి లేదు.

ఈ నిర్మాణమే ఆ ఉద్యమానికి ఇంత బలాన్ని ఇచ్చిందన్న సంగతి మరవకూడదు. చేతిలో బైబిలు, కూర్చోవడానికి ఒక గది, పదిమంది విశ్వాసులు ఉంటే చాలు, ఎవరి అనుమతీ అక్కరలేకుండా సంఘం పుడుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రపంచ క్రైస్తవుల్లో పదింట ఎనిమిది మంది యూరప్, ఉత్తర అమెరికాల్లో ఉండేవారు. ఇప్పుడు మూడింట రెండు వంతుల మంది ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లో ఉన్నారు. పైనుంచి ఉత్తర్వు వస్తే గాని కదలని సంస్థలు ఇంత వేగంగా ఖండాలు దాటలేవు. అయితే సంఘం పుట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేనట్టే, దాన్ని నడిపే మనిషి తప్పు చేస్తే అడగడానికీ ఎవరూ లేకుండా పోయారు.

సదరన్ బాప్టిస్టుల కథలో ఇది అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. బానిసల యజమానులు మిషనరీలుగా వెళ్లవచ్చా అన్న గొడవలో ఉత్తరాది బాప్టిస్టులతో తెగతెంపులు చేసుకొని 1845లో జార్జియాలోని అగస్టాలో ఈ కన్వెన్షన్ ఏర్పడింది. బానిసత్వాన్ని సమర్థించినందుకు క్షమాపణ తీర్మానం చేసింది 1995లో. నేడు అమెరికాలో అతిపెద్ద ప్రొటెస్టెంట్ శాఖ ఇదే. 2006లో 1.63 కోట్ల సభ్యులు ఉండగా, 2024 నాటికి 1.27 కోట్లకు తగ్గారు. సంఘాలు దాదాపు 47,000. వాటిలో ఏ సంఘమూ కన్వెన్షన్ కింద ఉండదు. పాస్టర్‌ను పిలుచుకునేది సంఘమే, చేతులుంచి అభిషేకించేది సంఘమే, పంపించివేసేదీ సంఘమే. భవనం కూడా సంఘానిదే. మిషనరీలను పంపడం, సెమినరీలు నడపడం వంటి పనులకు సంఘాలు 1925 నుంచి ఉమ్మడి నిధిలో కానుకలు వేస్తాయి, ఏడాదికి ఒకసారి ప్రతినిధులను పంపుతాయి. కన్వెన్షన్‌కూ సంఘానికీ ఉన్న బంధం అంతే.

2007లో ఒక పాస్టర్ వార్షిక సభలో లేచి, లైంగిక దాడులకు పాల్పడినవారి జాబితా తయారుచేసే మార్గం చూడాలని ప్రతిపాదించారు. ఏడాది పాటు పరిశీలించిన ఎగ్జిక్యూటివ్ కమిటీ 2008లో కుదరదని తేల్చింది. సంఘాలు స్వతంత్రమైనవి కాబట్టి కన్వెన్షన్ అలాంటి జాబితా పెట్టలేదన్నది చెప్పిన కారణం. పదకొండేళ్ల తర్వాత, 2019 ఫిబ్రవరిలో, టెక్సస్‌లోని రెండు దినపత్రికలు కలిసి ఒక పరిశోధన వెలువరించాయి. ఇరవై ఏళ్లలో ఆరోపణలు ఎదుర్కొన్న పాస్టర్లు, సేవకులు, సంఘ పనివారు దాదాపు 380 మంది. బాధితులు 700 మందికి పైగా. ఒక చోట శిక్షపడి, మరో చోట మళ్లీ ప్రసంగ వేదిక ఎక్కినవారు కూడా వారిలో ఉన్నారు.

2021లో ప్రతినిధులు పట్టుబట్టి స్వతంత్ర విచారణ వేయించారు. 2022 మేలో వచ్చిన నివేదిక మూడు వందల పేజీలకు దగ్గరగా ఉంది. ఎగ్జిక్యూటివ్ కమిటీ సిబ్బందిలో ఒకరు 2007 నుంచే వార్తాకథనాలు సేకరిస్తూ నిందితుల పేర్లను ఒక పట్టికలో రాసుకుంటూ వచ్చారని అందులో బయటపడింది. అందులో 700కు పైగా పేర్లు చేరాయి. జాబితా పెట్టడం కుదరదని సభకు చెప్పిన ఏళ్లలోనే ఆ కార్యాలయంలో జాబితా ఉంది. బాధితులు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి, వేడుకొని, విశ్వాసాన్ని చెడగొట్టడానికి వచ్చినవారన్న నిందలు మోసి అడిగింది దానినే. ఈ మొత్తం వ్యవహారంలో ఎంత సమర్థించుకున్నా సమర్థన దొరకని భాగం ఇది.

సంఘ స్వాతంత్ర్యం అన్న వాదాన్ని కొంచెం నిదానంగా పరీక్షించాలి. అది నాలుగు వందల ఏళ్లుగా బాప్టిస్టులు ప్రాణంగా కాపాడుకున్న విశ్వాసం. రాజులూ బిషప్పులూ మనస్సాక్షి మీద పెత్తనం చేయకూడదని జైళ్లకు వెళ్లినవారి వారసత్వం. దాన్ని తేలికగా కొట్టిపారేయడం తగదు. అయితే 2023లో ఇదే కన్వెన్షన్ కాలిఫోర్నియాలోని శాడిల్‌బ్యాక్ సంఘాన్ని వెలి వేసింది. రిక్ వారెన్ 1980లో స్థాపించిన ఆ సంఘం 2021లో ముగ్గురు స్త్రీలను పాస్టర్లుగా అభిషేకించింది. వారెన్ స్వయంగా న్యూ ఆర్లీన్స్ సభలో నిలబడి పునరాలోచించమని అర్థించారు. 88 శాతం మంది ఆ సంఘాన్ని బయట ఉంచడానికే ఓటు వేశారు. మరి అక్కడ స్వాతంత్ర్యం అడ్డురాలేదా?

దీనికి కన్వెన్షన్ పెద్దలు చెప్పే జవాబు తర్కానికి నిలిచేదే. శాడిల్‌బ్యాక్‌ను ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఆ సంఘం తన పాస్టర్లను ఉంచుకోవచ్చు. మా సహవాసంలో ఎవరు ఉండాలో నిర్ణయించుకునే హక్కు మాకూ ఉంది. నిజమే. దాడి చేసినవారికి చోటిచ్చిన కొన్ని సంఘాలను కూడా ఇదే పద్ధతిలో బయటికి పంపిన మాటా నిజమే. కానీ ఆ జవాబే జాబితా విషయంలో వారికి ఎదురు తిరుగుతుంది. పేరు ప్రకటించడం కూడా ఏ సంఘాన్నీ ఆజ్ఞాపించడం కాదు. ఈ మనిషిని తీసుకోవద్దని అది శాసించదు, ఫలానా కోర్టులో ఫలానా తీర్పు పడిందని మాత్రమే చెబుతుంది. తీసుకోవాలా వద్దా అన్నది సంఘం చేతిలోనే ఉంటుంది. ఇంకా చెప్పాలంటే, ఈ సమాచారం ఎక్కువ అవసరమైనది స్వతంత్ర సంఘానికే. బిషప్పులు ఉన్న శాఖలో గురువు ఒక పారిష్ నుంచి మరొక పారిష్‌కు మారితే అతని ఫైలు ఒక కార్యాలయంలోనైనా ఉంటుంది. దాన్ని దాచిపెట్టారా లేదా అన్నది వేరే సంగతి. స్వతంత్ర సంఘాల లోకంలో అసలు ఫైలే ఉండదు. మనిషి పక్క రాష్ట్రానికి వెళ్లి, మంచి ప్రసంగం చేసి, కన్నీళ్లతో సాక్ష్యం చెబితే చాలు.

అసలు అడ్డంకి వేదాంతంలో లేదు, న్యాయశాస్త్రంలో ఉంది. సంఘాల మీద కన్వెన్షన్‌కు అదుపు ఉందని కోర్టులో రుజువైతే, ఒక సంఘంలో జరిగిన నేరానికి పరిహారం దావా పైదాకా వస్తుంది. జాబితా పెట్టడాన్ని అలాంటి అదుపుకు గుర్తుగా చూపవచ్చని న్యాయవాదులు భయపడ్డారు. బీమా కంపెనీలు వెనకాడాయి. 2023లో కెంటకీ సుప్రీంకోర్టు ముందున్న ఒక కేసులో, పాత నేరాలకు సంస్థల మీద దావా వేసే గడువును వెనకటి తేదీ నుంచి పెంచకూడదని కన్వెన్షన్ తరఫున వాదన దాఖలైంది. సంగతి బయటపడినప్పుడు బాధితులు నిర్ఘాంతపోయారు. ఒక పక్క సంస్కరణలు ప్రకటిస్తూ మరో పక్క కోర్టులో తలుపులు మూయించడం వారికి నమ్మకద్రోహంగానే తోచింది. విచారణ, దావాల ఖర్చుతో ఎగ్జిక్యూటివ్ కమిటీ నిధులు కరిగిపోయి, చివరికి నాష్‌విల్‌లోని తన కార్యాలయ భవనాన్ని అమ్మకానికి పెట్టవలసి వచ్చింది. ఫెడరల్ న్యాయశాఖ 2022లో మొదలుపెట్టిన దర్యాప్తు 2025లో ముగిసింది. కన్వెన్షన్ సంస్థల మీద ఏ అభియోగమూ మోపలేదు. దాన్ని కొందరు నిర్దోషిత్వ పత్రంలా చూపుతున్నారు. నేరశిక్షకు చాలినంత సాక్ష్యం లేకపోవడం వేరు, కాపరి బాధ్యత నెరవేర్చడం వేరు.

స్త్రీల పరిచర్య గురించిన చర్చలోనూ ఇదే ప్రశ్న మరో రూపంలో ఉంది. ఇక్కడ రెండు పక్షాలూ బైబిలు తెరిచే మాట్లాడతాయి. తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయంలో స్త్రీ ఉపదేశించడానికీ పురుషుని మీద అధికారం చేయడానికీ పౌలు సెలవివ్వలేదని ఒక పక్షం చూపుతుంది. సంఘాధ్యక్షుడు ఏకపత్నీ పురుషుడై ఉండాలన్న తర్వాతి అధ్యాయాన్నీ జోడిస్తుంది. క్రీస్తులో పురుషుడని స్త్రీ అని లేదన్న గలతీ పత్రికనూ, రోమా పత్రిక పదహారో అధ్యాయంలోని పేర్లనూ రెండో పక్షం చూపుతుంది. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే, అపొస్తలుల్లో ప్రసిద్ధికెక్కిన యూనీయ, అపొల్లోకు మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరచిన ప్రిస్కిల్ల వారి సాక్షులు. స్త్రీ పురుషులు విలువలో సమానులే గాని దేవుడిచ్చిన పాత్రలు వేరన్న వాదానికి 1987లో అమెరికాలో రూపొందిన డాన్వర్స్ ప్రకటన ఆధారపత్రంగా మారింది. వరాన్ని బట్టి పిలుపు గాని లింగాన్ని బట్టి కాదన్న వాదమూ అదే కాలంలో సంఘటితమైంది. ఇద్దరిలో ఎవరినైనా వాక్యాన్ని లెక్కచేయనివారని అనడం అన్యాయం.

అసలు పేచీ చరిత్ర గురించి మాట్లాడేటప్పుడు వస్తుంది. స్త్రీ పాస్టర్లు నేటి లోకపు ఒత్తిడికి తలొగ్గి పుట్టుకొచ్చినవారన్న మాట తరచుగా వినిపిస్తుంది. కానీ ఒక సదరన్ బాప్టిస్టు సంఘం నార్త్ కరొలైనాలోని డర్హమ్‌లో మొదటిసారి ఒక స్త్రీని అభిషేకించింది 1964లో. పాస్టర్ పదవి పురుషులకే పరిమితమన్న వాక్యం కన్వెన్షన్ విశ్వాస ప్రకటనలో చేరింది 2000లో. అంటే నిషేధమే కొత్తగా రాతలోకి వచ్చింది. సాల్వేషన్ ఆర్మీలో కేథరిన్ బూత్ పంతొమ్మిదో శతాబ్దంలోనే వేదికలెక్కారు. పెంతెకొస్తు శాఖల్లో అతిపెద్దదైన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ స్త్రీలను అభిషేకిస్తుంది. 1905లో మహారాష్ట్రలోని ముక్తి మిషన్‌లో వచ్చిన ఉజ్జీవానికి నాయకత్వం పండిత రమాబాయిది. అందుచేత ఇది ఇవాంజెలికల్ విశ్వాసానికీ బయటి లోకానికీ మధ్య యుద్ధం కాదు. ఒకే ఇంట్లోని రెండు పాత సంప్రదాయాల మధ్య తగవు. ఏది ఎంచుకున్నా, అది సంఘాలు కలిసి పనిచేయకూడనంత పెద్ద విషయమా అన్నదే ఓటింగులో తేలని అంశం. రెండుసార్లూ 61 శాతం దగ్గర ఆగడానికి కారణం అదే. సవరణను కాదన్నవారిలో చాలామంది పురుష పాస్టర్లే ఉండాలని నమ్మేవారు. ఉన్న నియమాలతోనే సంఘాలను బయటికి పంపగలుగుతున్నప్పుడు ఇంకో ముడి ఎందుకన్నది వారి మాట.

పైన బిషప్పు ఉంటే ఇవన్నీ తీరిపోతాయా? ఇంగ్లండు అనుభవం తీరవనే చెబుతుంది. జాన్ స్మైత్ అనే న్యాయవాది 1970, 80లలో ఇవాంజెలికల్ ఆంగ్లికన్లు నడిపిన వేసవి శిబిరాల్లో పరిచయమైన అబ్బాయిలను తన ఇంటి వెనుక షెడ్డులో నెత్తురు కారేలా కొట్టేవాడు. పాపానికి ప్రాయశ్చిత్తమని వారిని నమ్మించేవాడు. 1982లోనే శిబిరాల నాయకుల్లో ఒకరు విచారించి నివేదిక రాశారు. అది కొద్దిమంది చేతుల్లోనే ఉండిపోయింది. బయటపడితే దేవుని పనికి నష్టమన్న ఆలోచన వారిని ఆపింది. పోలీసులకు చెప్పలేదు. అతడు 1984లో జింబాబ్వేకు వెళ్లి అక్కడా శిబిరాలు పెట్టాడు. అక్కడా పిల్లలు దెబ్బలు తిన్నారు. 2017లో ఒక టెలివిజన్ ఛానెల్ బయటపెట్టేదాకా లోకానికి తెలియలేదు. 2018లో విచారణ జరగకుండానే కేప్‌టౌన్‌లో చనిపోయాడు. ఈ వ్యవహారం మీద స్వతంత్ర విచారణ ఫలితమైన మేకిన్ నివేదిక 2024 నవంబరులో వచ్చింది. బాధితులు వందకు పైగా ఉన్నారని లెక్క తేలింది. 2013లో తనకు తెలిసినప్పుడు తగినంత గట్టిగా కదలలేదన్న విమర్శ మీద చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో అత్యున్నత పీఠమైన కాంటర్బరీ ఆర్చిబిషప్ పదవిలో ఉన్న జస్టిన్ వెల్బీ కొద్ది రోజుల్లోనే రాజీనామా ప్రకటించారు.

దేవుని పనికి నష్టం, దేవుని నామానికి దూషణ అన్న మాటలు క్రైస్తవ సంఘాల్లో ఎంత బరువైనవో అందులో పెరిగినవారికి తెలుసు. నిజంగా భయభక్తులున్న మనిషి నోరు కూడా ఈ మాటతో మూతపడుతుంది. విచిత్రమేమంటే ఆ మాట వచ్చిన చోట, రోమా పత్రిక రెండో అధ్యాయంలో, పౌలు నామదూషణకు కారణమని నిందించింది తప్పును బయటపెట్టినవారిని కాదు. దొంగిలవద్దని ప్రకటిస్తూ దొంగిలే బోధకులను. లేఖనమే ప్రమాణమనే ఉద్యమం ఈ ఒక్క వచనాన్ని తలకిందులుగా వాడుకోవడం బాధ కలిగిస్తుంది.

ఆంగ్లికన్లలో ఇవాంజెలికల్ వర్గం ఇప్పుడు మరో రకంగా అధికార ప్రశ్నను ఎదుర్కొంటోంది. స్వలింగ జంటలను ఆశీర్వదించే ప్రార్థనలకు చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పాలక సభ అయిన జనరల్ సినడ్ 2023 ఫిబ్రవరిలో ఆమోదం తెలిపింది. 2008లో జెరూసలేములో మొదలైన గాఫ్‌కాన్ అనే సంప్రదాయవాద కూటమి ఆ ఏప్రిల్‌లో కిగాలీలో సమావేశమై, కాంటర్బరీ పీఠాన్ని ఇక నాయకత్వంగా అంగీకరించలేమని చెప్పింది. 2025 అక్టోబరు మొదట్లో సారా ముల్లల్లీ ఆ పీఠానికి తొలి మహిళా ఆర్చిబిషప్‌గా ఎంపికయ్యారు. రెండు వారాలు తిరగకముందే గాఫ్‌కాన్, ప్రపంచవ్యాప్త ఆంగ్లికన్ సంఘాల కూటమి అయిన కమ్యూనియన్ పాత వ్యవస్థలను విడిచి బైబిలు ఒక్కటే పునాదిగా కమ్యూనియన్‌ను తిరిగి నిలబెడుతున్నామని ప్రకటించింది. నైజీరియా, ఉగాండా, రువాండా వంటి దేశాల సంఘాలు ఇందులో ముందున్నాయి. ఆదివారం ఆరాధనకు వచ్చే ఆంగ్లికన్లలో అత్యధికులు ఆఫ్రికా వారే. సువార్త మోసుకొచ్చిన దేశపు సంఘాన్ని, సువార్త అందుకున్న దేశాల సంఘాలు దిద్దుతున్న దృశ్యం ఇది. అయితే కమ్యూనియన్‌ను కలిపి ఉంచేది లేఖనమే అన్నప్పుడు, ఆ లేఖనం ఏమంటోందో ఇద్దరు బిషప్పులు విభేదిస్తే తేల్చేది ఎవరన్న ప్రశ్న అక్కడా ఎదురవుతుంది. స్త్రీలను బిషప్పులుగా అభిషేకించే విషయంలో గాఫ్‌కాన్ సంఘాల మధ్యే ఏకాభిప్రాయం లేదు. కెన్యాలో మహిళా బిషప్పులు ఉన్నారు, నైజీరియా ఒప్పుకోదు.

ఏ శాఖకూ చెందని సంఘాల్లో పరిస్థితి ఇంకా కష్టం. అమెరికాలో 2020 మత గణన ప్రకారం ఇలాంటి సంఘాలు సుమారు 44,000, వాటికి వచ్చేవారు 2.1 కోట్ల మంది. సదరన్ బాప్టిస్టుల కంటే ఎక్కువ. ఇక్కడ ఓటు వేయడానికి వార్షిక సభ కూడా ఉండదు. స్థాపకుడు, ఆయన ఎంచుకున్న బోర్డు, ఆయన పుస్తకాలు, ఆయన పేరు మీద వచ్చే కానుకలు ఉంటాయి. టెక్సస్‌లోని గేట్‌వే చర్చి స్థాపకుడు రాబర్ట్ మోరిస్ 1980లలో పన్నెండేళ్ల బాలిక మీద మొదలుపెట్టిన లైంగిక దాడుల సంగతి 2024 జూన్‌లో బయటపడి పదవి వదిలాడు. 2025 అక్టోబరులో ఓక్లహోమా కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. బాధితురాలు నోరు విప్పినది మొదటిసారి కాదు, ఆమె ఏళ్ల క్రితమే చెప్పింది. భారత్‌లో పుట్టి పేరుపొందిన క్రైస్తవ వక్త రవి జకరయాస్ విషయంలో ఆయన పేరు మీద నడిచిన సంస్థ బోర్డు, ఆయన బతికున్నంత కాలం ఆయన మాటే నమ్మింది. 2020లో ఆయన మరణించాక, 2021 ఫిబ్రవరిలో బయటి న్యాయసంస్థ నివేదిక మసాజ్ చేసే స్త్రీల మీద జరిగిన అకృత్యాలను నిర్ధారించింది. ఇలా ఒక్కో కేసులోనూ తీర్పు చెప్పింది సంఘం కాదు. పత్రికా విలేకరి, బయటి నుంచి తెచ్చుకున్న న్యాయసంస్థ, ప్రభుత్వ కోర్టు. సహోదరుడు తప్పు చేస్తే ఒంటరిగా, తర్వాత ఇద్దరు ముగ్గురు సాక్షులతో, చివరికి సంఘానికి తెలియజేయమన్న మత్తయి పద్దెనిమిదో అధ్యాయాన్ని చాలా చోట్ల తిరగేసి వాడారు. ఆరోపణ చేసిన స్త్రీనే ముందుగా ఒంటరిగా ఆ మనిషితో మాట్లాడావా అని అడిగారు.

ప్రపంచ స్థాయిలో అధికారం ఎవరిదన్న ప్రశ్న 2024 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో జరిగిన నాలుగో లోజాన్ మహాసభలో తలెత్తింది. 200కు పైగా దేశాల నుంచి 5,000 మందికి పైగా వచ్చారు. వేదాంత కమిటీ రాసిన సియోల్ ప్రకటన మొదటి రోజే విడుదలైంది. వచ్చినవారు దానిపై చర్చించి దిద్దే అవకాశం పెట్టలేదు. నిరసన వ్యక్తమైంది, స్వలింగ ఆకర్షణకు సంబంధించిన భాగాల్లో మాటలు విడుదల తర్వాత మారాయి. 1974లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం పిలుపు మీద జరిగిన మొదటి మహాసభలో పద్ధతి వేరు. జాన్ స్టాట్ నడిపిన కమిటీ ముసాయిదాను ప్రతినిధులకు ఇచ్చి, వారి మాటలు విని, సభ జరుగుతుండగానే తిరగరాసింది. లాటిన్ అమెరికా నుంచి వచ్చిన రెనే పడీయా, శామ్యూల్ ఎస్కోబార్ వంటివారు సువార్త ప్రకటనకూ సామాజిక న్యాయానికీ విడాకులు కుదరవని గట్టిగా చెప్పినందువల్లే ఆ ఒడంబడికలో సామాజిక బాధ్యత గురించి ఒక భాగం చేరింది. యాభై ఏళ్ల తర్వాత ఇంచియాన్ వేదిక మీద పడీయా కుమార్తె రూత్ న్యాయం గురించి మాట్లాడుతూ పాలస్తీనీయుల వేదనను, దాన్ని సమర్థించే వేదాంతాన్ని ప్రస్తావించారు. నిర్వాహకులు ఆ ప్రసంగం వల్ల నొచ్చుకున్నవారికి క్షమాపణ చెబుతూ ప్రతినిధులకు లేఖ పంపారు. సంఖ్యలో దక్షిణ దేశాలు పెద్దవయ్యాయి గాని, కలం, మైకు, కార్యక్రమ పట్టిక ఇంకా ఎవరి చేతిలో ఉన్నాయో ఆ లేఖ తెలియజేసింది. తర్వాతి ఏడాది వరల్డ్ ఎవాంజెలికల్ అలయన్స్ తన ప్రధాన కార్యదర్శిగా నజరేతుకు చెందిన అరబ్బు క్రైస్తవ న్యాయవాది బోట్రస్ మన్సూర్‌ను నియమించుకోవడం ఆ నేపథ్యంలో గమనించదగిన మార్పు.

అమెరికా రాజకీయాల గురించి ఇప్పటికే చాలా రాశారు కాబట్టి ఇక్కడ ఒక్క మాట చాలు. 2016 నుంచి మూడు అధ్యక్ష ఎన్నికల్లోనూ శ్వేతజాతి ఇవాంజెలికల్ ఓటర్లలో పదింట ఎనిమిది మంది వరకు డొనాల్డ్ ట్రంప్ వైపు నిలిచారు. అదే వేదాంతం నమ్మే నల్లజాతి క్రైస్తవుల్లో అత్యధికులు ఎదుటి పక్షానికి ఓటు వేశారు. కాబట్టి ఓటును నిర్ణయించింది బెబింగ్టన్ నాలుగు గుర్తులు కావు. తీర్పు చెప్పే సంస్థ లేని చోట ఎన్నికల సర్వే గణాంకమే ఆ ఉద్యమం గొంతుగా లోకానికి వినిపిస్తోంది. దాని ఫలితం అమెరికా బయట పడుతోంది. 2025 జనవరిలో శరణార్థుల పునరావాసం ఆగిపోయినప్పుడు దెబ్బతిన్న సంస్థల్లో అమెరికా ఇవాంజెలికల్ జాతీయ సమాఖ్యకు చెందిన వరల్డ్ రిలీఫ్ ఒకటి. 2003లో ఇవాంజెలికల్ నాయకుల మద్దతుతో మొదలై, 2.5 కోట్ల ప్రాణాలు కాపాడిందని అమెరికా ప్రభుత్వమే చెప్పుకున్న ఎయిడ్స్ నివారణ పథకం కూడా అప్పటి విదేశీ సహాయ స్తంభనలో చిక్కుకుంది. ఈ పనులను కట్టినవారూ, వాటిని ఆపిన పాలనను గెలిపించినవారూ ఒకే ఆరాధనలో పక్కపక్క కూర్చునే మనుషులు. వారి మధ్య ఈ లెక్క తేల్చే పెద్దమనిషి ఎవరూ లేరు.

మళ్లీ డాలస్ దగ్గరికి వస్తే, జాబితా పనిని చేపట్టిన సంస్కరణల కమిటీ 2024 జూన్‌లో గడువు ముగిసి తప్పుకుంది. వందకు పైగా పేర్లను సరిచూసి సిద్ధంగా ఉంచామని పోతూ పోతూ చెప్పింది. వాటిని పెట్టవలసిన వెబ్‌సైటూ ఉంది. పేర్లే అందులోకి ఎక్కలేదు. నేరం రుజువైనవారు, ఒప్పుకున్నవారు, సివిల్ తీర్పు పడినవారు అయితే, ఆ వివరాలు కోర్టు దస్తావేజుల్లో ఎలాగూ ఉంటాయి. కొత్త పాస్టర్ కోసం వెతుకుతున్న చిన్న సంఘంలో, పగలు పనులు చేసుకుంటూ సాయంత్రాలు దరఖాస్తులు చదివే నలుగురైదుగురు విశ్వాసులు, ఆ మనిషి ఇంతకు ముందు ఏయే ఊళ్లలో ఉన్నాడో కనుక్కొని, ఒక్కో కౌంటీ కోర్టుకూ ఫోను చేసి అడగాలి.